అకేడియా దేశపు మెలాన్సన్ కుటుంబము: జనాభా లెక్కలు, చర్చి పుస్తకముల సాక్ష్యము

1671వ సంవత్సరమున ఉత్తర అమెరికా తూర్పు తీరమునందలి అకేడియా దేశములో, లోరాన్ మోలాన్ అను ఫ్రెంచి సన్యాసి యొకడు కాగితము, కలము చేతబట్టుకొని ఇల్లిల్లు తిరుగుచుండెను. గవర్నరగు గ్రాన్‌ఫోంతేన్ ఆజ్ఞపై ఆయన ప్రజల పేర్లు, వయస్సులు, పశువులు, సాగుభూములు లెక్క వ్రాయవలసియుండెను. పోర్ రొయాల్ అను ముఖ్యగ్రామమున ఆయన పీపాలు చేయు పియేర్ లానూ ఇంటికి పోయి వయస్సెంత యని యడుగగా, తాను కులాసాగా నున్నాననియు, వయస్సు మాత్రము చెప్పననియు లానూ ప్రత్యుత్తర మిచ్చెను. ఎతియేన్ రోబిషో అను రైతు ఫాదరీ ముఖమే చూడక ఇల్లు విడిచి పోయెను; తన పశువుల లెక్కగాని భూముల లెక్కగాని ఇయ్యనని భార్యచేత చెప్పించెను. కుట్టుపనివాడగు పియేర్ మెలాన్సన్ వయస్సు, పశువులు, భూములు ఏదియు చెప్ప నిరాకరించెను. ఆయన భార్య ఇంకొక మెట్టు పైకి పోయి, ఇట్టి పనికై వీధులవెంట పరుగులు తీయుటకు మీకు మతి తప్పినదా యని ఫాదరీనే ప్రశ్నించెను.

మోలాన్ మంచి లేఖకుడు. ఈ మాటలన్నియు ఉన్నవి ఉన్నట్లు లెక్కలో వ్రాసి పంపెను. ఆ లెక్కలో మొత్తము జనము సుమారు 400 మంది మాత్రమే. అయినను, ఈ చిన్న లెక్కయే నేడు కెనడాలోను, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని లూసియానాలోను నివసించు లక్షలాది అకేడియా సంతతివారికి మూలపత్రము.

దూరదేశపు ఈ వృత్తాంతమును మన సంచికలో ఏల వ్రాయుచున్నానో ముందుగా చెప్పుట న్యాయము. నేను తమిళనాట తెలుగు పిల్లలకు తెలుగు చెప్పు ఉపాధ్యాయుడను. ప్రతి సంవత్సరము బడి తెరచినప్పుడు ప్రవేశ పట్టీలో పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు వ్రాయుట నా పని. మీ పెద్దలెక్కడినుండి వచ్చిరని అడిగినచో పదింట తొమ్మిది ఇండ్లవారు విజయనగర రాజుల కాలమున వచ్చితి మందురు. మా తండ్రిగారును అదియే చెప్పెడివారు. అది నిజము కావచ్చును. కాని దానికి సాక్ష్యమేమి? మా నాయనమ్మ పుట్టినింటి పేరేమని నన్ను ఎవరైన అడిగినచో నేను తల వంచుకొనవలసినదే. కాగితపు సాక్ష్యమునుబట్టి కుటుంబచరిత్రను ఎట్లు నిర్మింతురో, అందులో నోటిమాటకు ఎంత విలువ యిత్తురో తెలిసికొనుటకు అకేడియావారి ఉదాహరణము మిక్కిలి అనువైనది. అందుచే వారిలో ఒక్క కుటుంబమును, ఆ మాట మిగిలిన కుట్టుపనివాని కుటుంబమునే, తీసికొనుచున్నాను.

అకేడియా యనగా నేటి కెనడాలోని నోవా స్కోషియా, న్యూ బ్రన్‌స్విక్, ప్రిన్స్ ఎడ్వర్డు ద్వీపముల ప్రాంతము. ఫండీ అఖాతపు తీరమున సముద్రపు పోటు ప్రపంచమున మరెక్కడను లేనంత ఎత్తునకు వచ్చును. ఫ్రాన్సునుండి వచ్చిన రైతులు అడవిని నరకి పొలము చేయుటకంటె ఈ పోటునీరు ముంచు బురదనేలలను సాగుచేయుటయే మేలని తలచిరి. గడ్డిమట్టి పెళ్లలతో కట్టలు పోసిరి. కట్ట అడుగున చెక్క తూమును పెట్టి, దానిలో ఒకవైపునకే తెరచుకొను తలుపును అమర్చిరి. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీటి ఒత్తిడికి తలుపు మూసికొనును. ఆటు వేళ లోపలి వాననీరు దానిని త్రోసికొని బయటకు పోవును. ఈ తూమును వారు అబ్వాతో యందురు. రెండు మూడేండ్ల వానలకు నేలలోని ఉప్పు కడిగికొనిపోయి గోధుమ పండును. చెరువుకట్ట, తూము ఎరిగిన మన రైతులకు దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. ఒక్క విషయమును మాత్రము గుర్తుంచుకొనవలెను. ఇట్టి కట్ట ఒక్కని వలన కాదు. అన్నదమ్ములు, బావమరదులు, అల్లుండ్రు కలసి పోసి, కలసి కాపాడవలెను. కనుకనే అకేడియాలో ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క పల్లెగా పెరిగెను. ఇంటిపేరే ఊరిపేరయ్యెను.

మెలాన్సన్ పల్లె యట్టిదే. పియేర్ తమ్ముడగు షార్ల్ మెలాన్సన్, ఆతని భార్య మారీ ద్యూగా కలసి 1664 ప్రాంతమున పోర్ రొయాల్ సమీపమున, నదికి ఉత్తరపుటొడ్డున దానిని స్థాపించిరి. అన్న లెక్క చెప్పకపోయినను తమ్ముడు చెప్పెను. 1671 లెక్కలో షార్ల్ వయస్సు 28, మారీ వయస్సు 23. నలుగురు కుమార్తెలు: మారీకి 7 ఏండ్లు, మార్గరీత్‌కు 5, ఆన్‌కు 3, సెసీల్‌కు 6 నెలలు. పశువులు 40, గొఱ్ఱెలు 6.

ఇట్టి నాలుగు పంక్తులనుండి పరిశోధకుడు ఎంత రాబట్టగలడో చూడుడు. ఆ కాలపు పోర్ రొయాల్ పెండ్లి పుస్తకము మనకు దక్కలేదు. కాని పెద్దకూతురికి 1671లో 7 ఏండ్లనగా ఆమె 1664లో పుట్టియుండవలెను. కావున తల్లిదండ్రుల వివాహము 1663 ప్రాంతమున జరిగియుండవలెను. మారీకి 23 ఏండ్లనగా ఆమె పుట్టినది 1648. అనగా పెండ్లినాటికి ఆమెకు పదునైదేండ్లు. ఇది ఊహయే గాని గాలిలో మేడ కాదు. కూడికలు తీసివేతలు తెలిసిన ఏ పిల్లవాడైనను సరిచూడవచ్చును. అయినను ఇందు ఒక జాగ్రత్త యవసరము. లెక్కలోని వయస్సు తాను చెప్పినదో, పొరుగువారు చెప్పినదో, ఫాదరీ మొగము చూచి వ్రాసినదో తెలియదు. నలుబది, ఏబది, అరువది యను గుండ్రని సంఖ్యలు కనబడినచో అనుమానింపవలెను. ఈ విషయమున నాకు స్వానుభవము కలదు. మా ప్రవేశ పట్టీలో ఎందరో పిల్లలు జూన్ మాసముననే పుట్టినట్లుండును. బడి తెరచునది జూనులో గదా!

మోలాన్ లెక్కలో మరియొక మేలైన పద్ధతి యున్నది. తల్లిదండ్రుల యింటి పద్దులో పెండ్లియైన బిడ్డలను కూడ చూపెను. ఆయుధములు బాగుచేయు అబ్రహాం ద్యూగా అను 55 ఏండ్ల వాని పద్దులో, పెండ్లియైన కుమార్తెగా 23 ఏండ్ల మారీ కనబడును. అదే మారీ షార్ల్ మెలాన్సన్ పద్దులో భార్యగా మరల కనబడును. ఒకే స్త్రీ రెండుచోట్ల వ్రాయబడుటచే మొత్తము జనసంఖ్య తేల్చువానికి తలనొప్పియే. వంశము వెదకువానికి మాత్రము పుట్టినిల్లు, మెట్టినిల్లు రెంటిని కలుపు వంతెన దొరకినది.

తరువాతి లెక్కలన్నియు ఇంత ఉదారమైనవి కావు. 1686లో ఇంటెండెంటు పదవిలోనున్న జాక్ ద మ్యూల్ తీయించిన లెక్క పేర్లతో, వయస్సులతో నిండుగా నున్నది. అప్పటికి అకేడియా జనము 885. 1693, 1698, 1700 సంవత్సరముల లెక్కలును మంచివే. 1703, 1707 లెక్కలలో గృహస్థుని పేరు, మిగిలినవారి సంఖ్య మాత్రమే. 1714లో ఫాదరీ ఫెలిక్స్ పాన్ వ్రాసిన లెక్కలో భార్యాభర్తలు, కొడుకులింతమంది, కూతుండ్రింతమంది అని కలదేగాని పిల్లల పేర్లు లేవు. ఆ పిమ్మట ఇట్టి లెక్కలే లేవు. ఏలయన 1710లో ఆంగ్లేయులు పోర్ రొయాల్‌ను జయించి దానికి అన్నాపొలిస్ రాయల్ అని పేరు మార్చిరి. 1713 నాటి ఉట్రెక్ట్ సంధి ఆ దేశమును వారికి నిలకడ చేసెను. క్రొత్త ప్రభువులకు రైతుల పిల్లల పేర్లతో పనిలేకపోయెను.

ఇచ్చటినుండి మన చేయి పట్టుకొని నడిపించునవి చర్చి పుస్తకములు. 1667లో ఫ్రాన్సు ప్రభువు పదునాలుగవ లూయీ శాసనము చేసి, ప్రతి విచారణయందును జ్ఞానస్నానములు, వివాహములు, భూస్థాపనలు క్రమముగా వ్రాయవలెనని విధించెను. విచారణ యనగా ఒక ఫాదరీ అధీనములోని క్రైస్తవ ప్రాంతమని మన క్రైస్తవ సోదరులెల్లరు ఎరుగుదురు. పోర్ రొయాల్‌లోని సెయింట్ జాన్ బాప్టిస్టు విచారణ పుస్తకములు 1702నుండి 1755వరకు రెండు సంపుటములు దక్కినవి. ప్రభుత్వము మారినను మతస్వేచ్ఛ మిగిలినందున, ఆంగ్లేయుల కోట నీడలోనే ఫాదరీలు ఫ్రెంచి భాషలో వ్రాసికొనుచు పోయిరి. ఈ సంపుటములు నేడు హాలిఫాక్సు నగరములోని నోవా స్కోషియా పత్రాగారమున భద్రముగా నున్నవి; వాని ఛాయాచిత్రములు అంతర్జాలమున అందరికి అందుబాటులో నున్నవి. మా పాఠశాల కంప్యూటరులో సాయంకాలములందు వానిని చూచుచు, ఆ మాసిన సిరా గీతలలో ఒక్కొక్క పేరును కూడబలుకుకొనుచుంటిని. ఫ్రెంచి నాకు రాదు. కాని ఆ వాక్యములు మన పంచాంగపు సంకల్పమువలె ఎల్లప్పుడు ఒకే మూసలో నుండుటచే నాలుగు దినములలో అలవాటగును.

జ్ఞానస్నానపు పద్దులో తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లుల పేర్లు, ఫాదరీ సంతకము ఉండును. ఫాదరీ ఊరిలో లేనప్పుడు పొరుగువారెవరైన బిడ్డకు ఇంటివద్దనే నీళ్లు పోయుటయు, ఆయన వచ్చిన పిమ్మట మిగిలిన కర్మ జరుపుటయు కలదు. అట్టిచో నీళ్లు పోసినవాని పేరు కూడ వ్రాయుదురు. సంతకము రానివారు గీతలు గీసిరి. ఇవన్నియు ఉపయోగకరములే. కాని వీనిలో మకుటాయమానమైనది తల్లి పేరు వ్రాయు పద్ధతి. అకేడియా స్త్రీ పెండ్లియైనను పుట్టినింటి పేరును విడువదు. మారీ ద్యూగా మెలాన్సన్ ఇంట ఎన్నేండ్లు కాపురము చేసినను మారీ ద్యూగాయే. ఆమె బిడ్డ జ్ఞానస్నానమునను, బిడ్డ పెండ్లియందును, తన చావునందును ఆ పేరే వ్రాయబడును. అందుచే తండ్రి వైపును, తల్లి వైపును సమానముగా వెనుకకు పోవచ్చును. తల్లి తల్లి, ఆమె తల్లి యని నడచుచు, ఫ్రాన్సునుండి ఓడ దిగిన మొదటి స్త్రీ వరకు చేరినవారెందరో కలరు.

మన సంగతి చూడుడు. ఇంటిపేరును ప్రాణముతో సమానముగా చూచుకొను జాతి మనది. కాని ఆడపిల్ల గుమ్మము దాటిన మరునాడే ఆమె ఇంటిపేరు మారును. రెండు తరములు గడచిన పిమ్మట ఆమె పుట్టినింటి పేరు చెప్పగలవారుండరు. యానాములో మాత్రము ఫ్రెంచివారి పరిపాలనలో వ్రాసిన వివాహ పత్రములందు వధువు తల్లిదండ్రుల పేర్లును కలవు. అచ్చటి మన సోదరులు ఆ పుస్తకముల విలువను గుర్తింపవలెను. మిగిలినచోట్ల కరణముల లెక్కలు, ఇనాము పత్రములు, దేవాలయ శాసనములు మగవారి పేర్లతోనే ముగియును.

వివాహపు పద్దులో మరియొక రహస్యము దాగియున్నది. ఆ కాలపు కథోలిక మతనియమము ప్రకారము దగ్గర బంధువుల పెండ్లికి నిషేధముండెను. తాత యొకడే యైనచో రెండవ అంతరము, ముత్తాత యొకడే యైనచో మూడవ అంతరము, ముత్తాతకు తండ్రి యొకడే యైనచో నాలుగవ అంతరము. ఈ నాలుగింటిలోపల పెండ్లి కావలెనన్న చర్చి అధికారుల మినహాయింపు కావలసియుండెను. మేనమామ కూతురిని చేసికొనుట మనకు మర్యాద. వారికది రెండవ అంతరము, అనగా గట్టి యడ్డంకి. కాని కొద్ది కుటుంబములే యున్న అకేడియాలో రెండు మూడు తరములు గడచుసరికి ఎవరికెవరు బంధువులు కాకుండిరి? అందుచే వివాహముల పద్దులలో మూడవ అంతరమునకు మినహాయింపు, నాలుగవ అంతరమునకు మినహాయింపు అను మాటలు మాటిమాటికి కనబడును. ఫాదరీ దీనిని ధర్మశంక తీర్చుకొనుటకు వ్రాసెను. వంశశాస్త్రజ్ఞునకు అది తాళపుచెవి యయ్యెను. ఒక వరుని తాత యెవరో తెలియనప్పుడు, ఆతడు పెండ్లాడిన కన్యతో ఆతనికి మూడవ అంతరము కలదని పద్దులో నున్నచో, ఆమెకు తెలిసిన ముత్తాతలలో ఒకడు ఆతనికిని ముత్తాత కావలెను. ఇట్లు ఒక్కొక్కరిని తొలగించుచు పోగా చివరకు ఒక్కడే మిగులును. మోంక్టన్ విశ్వవిద్యాలయమున జీవితకాలమంతయు ఈ పనికే వెచ్చించిన స్టీఫెన్ వైట్ గారు 1999లో ప్రకటించిన అకేడియా కుటుంబముల వంశనిఘంటువునందు ఈ పద్ధతిని విరివిగా వాడిరి. 1636నుండి 1714వరకు గల కుటుంబములు ఆ గ్రంథమున కలవు.

ఇట్టి పద్దులను కలిపి చూచినప్పుడు చిత్రమైన సంగతులు బయటపడును. 1671లో 3 ఏండ్ల పిల్లగా వ్రాయబడిన షార్ల్ కుమార్తె ఆన్ మొదట అకేడియాకు గవర్నరుగా నుండిన షార్ల్ ద లా తూర్ కుమారుని పెండ్లాడెను. విధవయై, అలెక్సాంద్ర్ రోబిషోను రెండవ పెండ్లి చేసికొనెను. ఈ అలెక్సాంద్ర్ ఎవరు? ఫాదరీ ముఖము చూడక ఇల్లు విడిచిపోయిన ఎతియేన్ రోబిషో కుమారుడు. లెక్క చెప్పిన యింటి ఆడపడుచు, లెక్క చెప్పని యింటి కోడలయ్యెను!

ఇక అసలు చిక్కునకు వత్తము. మెలాన్సన్ సోదరులు ఎచ్చటివారు? అకేడియావారిలో హెచ్చుమంది ఫ్రాన్సు పశ్చిమభాగమునుండి వచ్చినవారు. మెలాన్సన్‌లను గూర్చి మాత్రము 1767లో ఒక వాఙ్మూలము కలదు. దేశబహిష్కృతులైన అకేడియావారిలో 78 కుటుంబములు 1765లో ఫ్రాన్సు తీరమునందలి బెల్ ఈల్ అను ద్వీపమున నెలకొన్నవి. వారి చర్చి పుస్తకములు పోయినవని తలచి ప్రభుత్వమువారు 1767లో ప్రతి గృహస్థుని పిలిపించి, ప్రమాణము చేయించి, తాతముత్తాతల పేర్లు చెప్పించి వ్రాయించిరి. అందు మెలాన్సన్ మూలపురుషుడు స్కాట్లండు దేశస్థుడని చెప్పబడినది. ప్రమాణపూర్వకమైన మాట గనుక దానిని చాలకాలము అందరు నమ్మిరి.

అయితే బోస్టన్ నగరమున 1677 నాటి అర్జీ యొకటి దొరకినది. ప్రిసిల్లా అను విధవ తన కుమారుడగు జాన్‌ను గూర్చి మసాచుసెట్స్ అధికారులకు పెట్టుకొన్న అర్జీ యది. ఆ కుమారుడు అచ్చటి ఆదిమవాసులను ఓడలో ఎత్తుకొనిపోయిన నేరములో చిక్కుకొనియుండెను. అతడు లావెర్ద్యూర్, మెలాన్సన్ అను రెండు పేర్లతోను పిలువబడెను. తన భర్త పియేర్ లావెర్ద్యూర్ ఫ్రెంచివాడనియు, ప్రొటెస్టంటు మతస్థుడనియు, కథోలికులైన స్వజాతీయుల కోపమునకు వెఱచి బోస్టన్ చేరెననియు, తాను ఆంగ్లస్త్రీ ననియు ఆమె చెప్పుకొనెను. మన కుట్టుపనివాడు పియేర్ మెలాన్సన్‌కు మారుపేరు లావెర్ద్యూర్ అని అకేడియా పత్రములలో నున్నది. ఈ రెండు కొసలను ముడివేయగా అసలు సంగతి తేలినది. 1657లో టామస్ టెంపుల్ దొర వెంట ఓడలో వచ్చిన ఈ కుటుంబమునకు తండ్రి ఫ్రెంచి ప్రొటెస్టంటు, తల్లి ఆంగ్లేయురాలు. 1670లో దేశము మరల ఫ్రెంచివారి వశమైనప్పుడు తల్లిదండ్రులు, ఒక కుమారుడు బోస్టన్‌కు పోయిరి. పియేరు, షార్ల్ కథోలిక కన్యలను పెండ్లాడి అచ్చటనే నిలిచిపోయిరి.

ఇది తెలిసిన పిమ్మట 1671లో పియేరు, ఆయన భార్య ఫాదరీకి ఇచ్చిన సమాధానము నాకు వేరుగా తోచుచున్నది. అది వట్టి పొగరు కాదేమో. తల్లిదండ్రులు నిన్ననో మొన్ననో పారిపోయిరి; దొర మారినాడు; క్రొత్త దొర మనిషి వచ్చి వయస్సు, పశువులు, భూములు అడుగుచున్నాడు. భార్య ప్రభువర్గపు దాంత్రమాన్ ఇంటి ఆడపడుచు గనుక ధైర్యముగా మాట్లాడినది. ఇది నా యూహ మాత్రమే.

మరి 1767లో ప్రమాణము చేసినవారు అబద్ధమాడిరా? అట్లనుట అన్యాయము. పూర్వులు వచ్చి 110 ఏండ్లయినది. మన మూలపురుషుడు తక్కినవారివలె నేరుగా ఫ్రాన్సునుండి రాలేదు, ఆ దీవిలోని దొరల ఓడలో వచ్చెను అను జ్ఞాపకము ఇంటిలో మిగిలినది. ఆ జ్ఞాపకము సత్యమే. దానికి తగిలించిన దేశపు పేరు మాత్రము తప్పినది. ఆ ప్రాంతమునకే క్రొత్త స్కాట్లండు అను అర్థమిచ్చు పేరు ఉండుట ఈ పొరపాటునకు తోడ్పడియుండవచ్చును. నోటిమాటను త్రోసివేయరాదు, అట్లని కాగితముతో సరిచూడక గ్రహింపను రాదు. మన విజయనగరపు కథలను కూడ ఈ త్రాసులోనే తూచవలెనని నా యభిప్రాయము.

పియేర్ 1682 ప్రాంతమున పోర్ రొయాల్ విడిచి గ్రాన్ ప్రే అను క్రొత్త పల్లెకు పోయి, దాని మొదటి నివాసులలో నొకడయ్యెను. సమీపమున గాస్పెరో నదీతీరమున మెలాన్సన్ పేరుగల ఊరు నేటికిని కలదు. షార్ల్ సంతతి మాత్రము మొదటి పల్లెలోనే నాలుగు తరములు సాగుచేసెను. 1708లో ఫ్రెంచి ఇంజనీరు దలాబా గీసిన పటమున ఆ పల్లె కనబడును. ఆ పటమును ఆధారముగా గొని 1984లో పురావస్తు పరిశోధకులు ఆ చోట త్రవ్వి ఇండ్ల పునాదులను కనుగొనిరి. 1986లో కెనడా ప్రభుత్వము దానిని జాతీయ చారిత్రకస్థలముగా ప్రకటించెను.

1755లో గవర్నరు పదవి నిర్వహించుచున్న చార్లెస్ లారెన్సు, షరతులు లేని రాజభక్తి ప్రమాణము చేయలేదను కారణముచే అకేడియావారి నందరిని దేశమునుండి వెడలగొట్ట నిశ్చయించెను. సెప్టెంబరు 5వ తేదీన గ్రాన్ ప్రే చర్చిలో 418 మంది పురుషులను బంధించిరి. ఆ పనికి అధిపతియైన జాన్ విన్‌స్లో కర్నలు తన దినచర్య పుస్తకమున ఒక పట్టిక వ్రాసికొనెను. గృహస్థుల పేర్లు, కొడుకులెందరు, కూతుండ్రెందరు, ఎద్దులెన్ని, ఆవులెన్ని, గొఱ్ఱెలెన్ని, పందులెన్ని, గుఱ్ఱములెన్ని. 84 సంవత్సరముల క్రిందట రైతులు ఏ లెక్క చెప్పుటకు వెఱచిరో, ఆ లెక్క ఈసారి వారి నడుగకయే వ్రాయబడెను. పశువులు ప్రభుత్వపరమయ్యెను. ఇంతటి క్రూరమైన కాగితమును ఇప్పుడు వారి మునిమనుమలు కండ్లకద్దుకొని చదువుచున్నారు. కొన్ని కుటుంబములకు ఆ గడ్డపై కడపటి సాక్ష్యము అదియే గదా.

అన్నాపొలిస్ రాయల్‌లో ఓడలు ఆలస్యముగా వచ్చినవి. డిసెంబరు 8వ తేదీన 1,664 మందిని ఏడు ఓడలలో ఎక్కించి మసాచుసెట్స్, కనెక్టికట్, న్యూయార్కు, ఉత్తర దక్షిణ కరొలైనాలకు పంపిరి. వానిలో పెంబ్రోకు అను ఓడలోని 232 మంది దారిలో ఓడను వశపరచుకొని సెయింట్ జాన్ నదికి తప్పించుకొనిపోయిరి. మెలాన్సన్ పల్లె నిర్మానుష్యమయ్యెను.

కాగితములకును ప్రవాసము తప్పలేదు. గ్రాన్ ప్రే విచారణ పుస్తకములను బహిష్కృతులు తమవెంట తీసికొనిపోయిరి. ఇల్లు, పశువులు, కట్టలు, తూములు అన్నియు పోయిన మనుష్యులు మూటలో ఈ పుస్తకములను దాచుకొని లూసియానా చేర్చిరి. అవి అచ్చటి సెయింట్ గేబ్రియల్ చర్చిలో నుండి, నేడు బాటన్ రూజ్ మేత్రాసనపు పత్రాగారమున నున్నవి. పియేర్ మెలాన్సన్ సంతతి వివరములు వానియందు వెదకవలెను. అకేడియాలోని బోబాసాన్ విచారణ పుస్తకములలో కొన్ని ఫ్రాన్సులోని లా రొషెల్ నగరమున దొరకినవి. మసాచుసెట్స్ పత్రాగారమున బహిష్కృతుల పోషణకు ఏయే ఊరివారు ఎంత వెచ్చించిరో వ్రాసిన సంపుటములు కలవు. కట్టెలు, పాలు, పిండి లెక్కల నడుమ కుటుంబముల పేర్లు కనబడును. కావున ఒక్క మెలాన్సన్ కుటుంబమును పూర్తిగా అనుసరింపవలెనన్న హాలిఫాక్సు, బోస్టన్, బాటన్ రూజ్, ఫ్రాన్సు అన్నియు తిరుగవలెను. పేరు వ్రాసిన తీరును ఎల్లెడల ఒకటి కాదు. లూసియానాలో దానిని మెలాన్సోఁ అని పలుకుదురు. చెవికి విన్నట్లు వ్రాసిన ఆంగ్లేయ గుమాస్తాల చేతిలో ఫ్రెంచి పేర్లు గుర్తుపట్టరానంతగా మారినవి. మన ఇంటిపేర్లు తమిళ కన్నడ లిపులలో పడిన పాట్లు తెలిసినవారికి ఇది వింత కాదు.

బ్రతికి మిగిలినవారిలో కొందరు తిరిగివచ్చిరి. పాత భూములలో అప్పటికే వేరు జనము కాపురముండుటచే నోవా స్కోషియా నైరుతి తీరమున, సెయింట్ మేరీ అఖాతపు ఒడ్డున క్రొత్త పల్లెలు కట్టుకొనిరి. 1799లో సిగోన్య్ అను ఫ్రెంచి ఫాదరీ ఇంగ్లండునుండి అచ్చటికి వచ్చి క్రొత్త పుస్తకములు తెరచెను. అందు మెలాన్సన్ పేరు మరల కనబడును. నేటికిని ఆ తీరమున ఆ ఇంటిపేరివారు ఫ్రెంచి మాటాడుచున్నారు.

ఈ విషయములు చదివిన పిమ్మట, మా పాఠశాలలో ప్రభుత్వపు ప్రవేశ పట్టీతోపాటు వేరుగా ఒక నోటుపుస్తకము పెట్టితిని. పిల్లవాని పేరు, తల్లి పుట్టినింటి పేరు, తల్లి ఊరు, నాయనమ్మ, అమ్మమ్మల పుట్టినిండ్ల పేర్లు అను గడులు గీసితిని. కొందరు పిల్లలు అన్ని గడులు నింపి తెచ్చుచున్నారు. ఎక్కువమంది అమ్మమ్మ గడివరకు వచ్చి, నాయనమ్మ గడిని ఖాళీగా వదలుచున్నారు. అట్టి గడులలో ప్రశ్నార్థకము పెట్టి, వేసవి సెలవులలో ఊరికి పోయినప్పుడు అడిగి రండని చెప్పుచున్నాను. మొదటి పుటలో నా పేరు క్రిందను ఒక ప్రశ్నార్థకము ఉన్నది. మా మేనత్త ఒకరు ధర్మపురివైపు ఇంకను జీవించియున్నారు. సంక్రాంతికి పోయి అడుగదలచితిని.